ఎపాక్సీలో అల్యూమినియం పౌడరా, ఐరన్ పౌడరా: కంప్రెషన్‌కు ఏది మేలు?

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఇంజినీరింగ్ పిల్లలది ఒకటే ప్రశ్న: "సార్, ఎపాక్సీ జిగురులో ఏ లోహపు పొడి కలిపితే కంప్రెషన్‌లో, అంటే నొక్కినప్పుడు, బాగా నిలబడుతుంది?" ఇనుమే అని ముందే అనుకుని అడిగేవాళ్లే ఎక్కువ.

ఇనుము మాడ్యులస్ (నొక్కితే ఎంత తక్కువగా ఒదుగుతుందో చెప్పే కొలత) దాదాపు 200 గిగాపాస్కల్, అల్యూమినియంది 70. నిజమే. కానీ గట్టిపడిన ఎపాక్సీది 3 దగ్గరే. నొక్కితే ఒదిగేది అదే కాబట్టి, దాని మధ్య ఉన్న రేణువు 70 అయినా 200 అయినా పెద్ద తేడా రాదు. ఘనపరిమాణంలో 30 శాతం చొప్పున కలిపితే, మిశ్రమం మాడ్యులస్‌ను అంచనా వేసే హాల్పిన్-సాయ్ లెక్కలో అల్యూమినియంకు 6.2, ఇనుముకు 6.6 గిగాపాస్కల్ వస్తుంది. పోతలో నాలుగు బుడగలు మిగిలితే ఆ తేడా కాస్తా పోతుంది.

అసలు చిక్కంతా త్రాసు దగ్గరే. పౌడర్‌ను మనం గ్రాముల్లో తూస్తాం. 40 గ్రాముల ఎపాక్సీలో 60 గ్రాముల అల్యూమినియం కలిపితే ఘనపరిమాణంలో అది 39 శాతం. అంతే బరువు ఇనుమైతే 18 శాతమే. ఈ రెండు దిమ్మల్నీ నొక్కి "అల్యూమినియం గెలిచింది" అని రిపోర్టు రాస్తే లోహాలను పోల్చినట్టే కాదు. మొదట్లో నేనూ ఈ పప్పులో కాలేసినవాడినే.

అయినా నా ఓటు అల్యూమినియంకే. ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో ఎపాక్సీ సాంద్రత 1.15, అల్యూమినియంది 2.7, ఇనుముది 7.8. ఒకే సైజు రేణువులైతే ఇనుము నాలుగు రెట్లకు పైగా వేగంగా అడుగుకు దిగుతుంది. ఎపాక్సీని గట్టిపరిచే హార్డెనర్ నెమ్మదిదైతే ఇక చెప్పక్కర్లేదు: అచ్చు విప్పేసరికి కింద ఇనుము, పైన ఉత్త ఎపాక్సీ. అలాంటి దిమ్మను నొక్కితే పైభాగమే ముందు ఉబ్బుతుంది. మీరు గీసే గ్రాఫ్ చాలావరకు ఆ మెత్తటి పొరదే. నమ్మకపోతే ఒక దిమ్మను నిలువునా కోసి చూడండి.

అయస్కాంతం పట్టాలంటే ఇనుము తప్పదు. అరిగిన షాఫ్టులకు పెట్టే స్టీల్ పుట్టీలాగా మిశ్రమం చిక్కగా ఉంటే ఈ దిగే గొడవా తగ్గుతుంది. ఇక మిగతా లోహాల పొడులంటారా, రాగి కంప్రెషన్ కోసమైతే దండగ. టంగ్‌స్టన్ బరువు కోసం, రేడియేషన్ అడ్డుకోవడానికి వాడేది, మీ ప్రాజెక్టుకు అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త: సన్నటి అల్యూమినియం పొడి గాల్లోకి లేస్తే నిప్పురవ్వకే పేలగలదు. ఫ్యాన్ ఆపి, మాస్క్ పెట్టుకుని తూయండి.