‘మన పోరాటం కథ’ అని టికెట్ కొంటున్నారా? కాస్త ఆగండి

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడలో ఈ వారం సినిమాకు బయలుదేరేవాళ్లకు ముందే చెబుతున్నాను. నిజాం కాలపు తెలంగాణ సాయుధ పోరాటం నేపథ్యమంటూ ఊరూరా పోస్టర్లు అతికించిన ఆ కొత్త యాక్షన్ సినిమా గురించే. పెంచిన ధరకు టికెట్లు కొని ఇంటిల్లిపాదీ వెళ్లాం. ఫైట్ల కోసమైతే వెళ్లండి, వాటికి వంక పెట్టలేను. పిల్లలకు మన చరిత్ర చూపిద్దామని కొంటే మాత్రం డబ్బు దండగ.

ట్రైలర్‌లో గడి (దొరల కోటలాంటి ఇల్లు), వెట్టి, తుపాకీ పట్టిన అమ్మాయి కనిపిస్తాయి. సినిమాలో గడి ఉంది గానీ అందులోని దొర దేవుడు! పట్నంలో చదువుకొచ్చిన ఆయన కొడుకే హీరో. వెట్టిచాకిరి ఊసే లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది విసునూరు దొర దేశ్‌ముఖ్ మనుషులు కాదా? నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల ఘోరాలు నిజమే, వాళ్లు ఊచకోత కోసిన గుండ్రాంపల్లిని ఎవరూ మరిచిపోలేదు. కానీ వాళ్లతో చేతులు కలిపిన దొరలను తప్పించేసి, టోపీ పెట్టిన ప్రతివాడినీ దుర్మార్గుడిని చేశారు. భూమి కోసం కోర్టుకెక్కి దొర మనుషుల చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్న బందగీ ముస్లిమే. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. 1952లో మరో ముస్లిం, కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను శాసనసభకు పంపింది మన హుజూర్‌నగర్. ఈ సినిమాలో మంచి ముస్లిం ఒక్కడే, టాంగా తోలే ముసలాయన. హీరోను కాపాడి వెంటనే చనిపోతాడు.

ఇక ఆ తుపాకీ అమ్మాయి. ఒక పాట పాడుతుంది, విలన్ ఎత్తుకుపోతాడు, హీరో వచ్చి విడిపిస్తాడు. తుపాకీ ఒక్కసారి కూడా పేలదు. మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి ఆయుధం పట్టి తిరిగిన జిల్లాలో ఈ సినిమా ఆడుతోంది మరి. హీరోది పుస్తకాల తెలుగు. మన యాస హాస్యగాళ్లకూ గూండాలకూ మిగిలింది.

‘1948, సూర్యాపేట తాలూకా’ అని తెర మీద అక్షరాలు పడినప్పుడు వెనక నిండుగా పారే పెద్ద సిమెంటు కాలువ. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో! మా ముందు వరుసలోని పెద్దాయన పైకే నవ్వేశారు.

పోస్టర్ మీద ‘నిజ సంఘటనల ఆధారంగా’ అని ఉంటుంది. ఆట మొదట్లో ‘పాత్రలు, సంఘటనలు కల్పితం’ అని చిన్న అక్షరాలు వచ్చి చదివేలోపే మాయమవుతాయి. అడిగితే వాళ్లు చూపించేది ఆ రెండో మాటనే.

బడి పిల్లల పేరున టికెట్లు గుంపుగా అమ్ముతున్నారు. డబ్బు కట్టమని మీ పిల్లల చేతికి చీటీ వస్తే, ముందు ఒక టీచరును చూసి రమ్మనండి. మేము వెళ్లిన చోట కౌంటర్లో కొన్న టికెట్‌కు డబ్బు వెనక్కి ఇవ్వలేదు. యాప్‌లో కొన్నవాళ్లు ఆట మొదలయ్యేలోపు రద్దు చేసుకునే వీలుందేమో చూసుకోండి.