రుబ్బే పంపు వద్దన్నాను: బేస్‌మెంట్ బాత్రూములకు అర హార్స్‌పవర్ ఎజెక్టర్

మురుగు గురించి రాస్తున్నాను, ముక్కు మూసుకునేవారు ఇక్కడే ఆగవచ్చు.

మా బేస్‌మెంటులో రెండు బాత్రూములున్నాయి. ఇంట్లోంచి సెప్టిక్ ట్యాంకుకు వెళ్లే గొట్టం వాటి నేలకన్నా చాలా ఎత్తులో ఉంది. అందుకే కింది మురుగంతా ముందు ఒక గుంతలో చేరుతుంది, అక్కడినుంచి పంపు దాన్ని పైకి ఎత్తిపోస్తుంది. పాత పంపు పోయాక పెట్టించినదాని గురించే ఈ సమీక్ష. వాడకం మొదలై ఏడాది దాటింది. అర హార్స్‌పవర్, పోత ఇనుప ఒళ్లు, 2 అంగుళాల మందం ఉన్న ఘనపదార్థాన్ని కూడా నలగ్గొట్టకుండా దాటించే ఎజెక్టర్ పంపు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే కొలతలతో చాలామంది తయారు చేస్తున్నారు, ఏది కొన్నా చూడవలసిన అంకెలు ఒకటే.

ప్లంబరు మాత్రం గ్రైండర్ పంపు పెట్టించమన్నాడు. ‘అన్నీ నలిగి పిండైపోతాయమ్మా, అడ్డుపడడమనే మాటే ఉండదు’ అన్నాడు. ‘పిండైపోయింది ట్యాంకులో అడుగుకు దిగుతుందా?’ అని అడిగాను. అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన గోడ వైపు చూశారు.

ఆ ప్రశ్నలోనే ఉంది అసలు సంగతంతా. సెప్టిక్ ట్యాంకులో నీరు కదలకుండా నిలవాలి. అప్పుడే బరువైనవి మడ్డిగా అడుగుకు దిగుతాయి, కొవ్వు తెట్టుగా పైకి తేలుతుంది, మధ్యలో తేరిన నీరు మాత్రమే బయటి ఇంకుడు కందకాలకు పోతుంది. బకెట్ నీళ్లలో గుప్పెడు ఇసుక కలిపి చూడండి, చెయ్యి తీసేసరికి అడుగున ఉంటుంది. బంకమట్టి కలిపితే మర్నాటికి కూడా నీరు తేటపడదు. గ్రైండర్ చేసేది ఆ రెండో పని. మెత్తగా నలిగిన మురుగు సరిగా తేరుకోక, నీటితోపాటే కందకాల దాకా పోయి మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. పంపు చెడితే ఒక పూటలో మార్చుకోవచ్చు. ఇంకుడు నేల పూడుకుపోతే పెరడంతా తవ్వాలి.

గ్రైండర్ చెడ్డదని కాదు. మురుగును చాలా దూరం, చాలా ఎత్తు, ఒకటింపావు అంగుళాల సన్నటి గొట్టంలో నెట్టవలసివస్తే దానికి సాటి లేదు. ఒత్తిడితో నడిచే వీధి మురుగు లైనుకు కలిపేవారికి అదే కావాలి. సెప్టిక్ ట్యాంకుకు ముందు మాత్రం దాని బలం మనకు అక్కరలేని బలం. టాయిలెట్ వెనకే అమర్చే మెసరేటర్, అంటే మురుగును నలిపి పంపే చిన్న పెట్టె సంగతి వేరు. నేల పగలగొట్టడం కుదరని చోట, అప్పుడప్పుడు వాడే ఒక్క టాయిలెట్‌కు సరిపోతుంది. రెండు బాత్రూములు, రోజూ స్నానాలు అంటే నేనైతే దాని జోలికి పోను.

కొనేటప్పుడు విసుగు తెప్పించినవి డబ్బాల మీది పేర్లు. సంప్ పంపు ఊటనీటికి, వాననీటికి మాత్రమే. ఎఫ్లుయెంట్ పంపు మీద ‘సెప్టిక్’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, చూసి మనకేననుకుంటాం. అది ట్యాంకులో తేరిన నీటిని ముందుకు పంపడానికి. ముప్పావు అంగుళం మించిన ఘనపదార్థం దానికి గొంతులో అడ్డం. టాయిలెట్ కలిసే గుంతకు 2 అంగుళాలు దాటించేదే కావాలి, బయటి గొట్టం కూడా 2 అంగుళాలకు తగ్గకూడదు.

ఇక హార్స్‌పవర్. దాన్ని చూసి మురిసిపోకండి, ఏ ఎత్తుకు ఎంత నీరు ఎక్కిస్తుందో చూపే పంపు గ్రాఫు డబ్బాలో ఉంటుంది, దాన్ని తెరవండి. మా గుంతలో నీటి కింది మట్టంనుంచి పైగొట్టం దాకా 11 అడుగులు. మలుపులు, వాల్వులు, అడ్డంగా పోయే గొట్టం కలిగించే రాపిడికి మరో 2 అడుగులు వేసుకున్నాం. ఆ 13 అడుగుల దగ్గర ఈ పంపు నిమిషానికి సుమారు 250 లీటర్లు ఇస్తుంది. 2 అంగుళాల గొట్టంలో మురుగు అడుగున పేరుకోకుండా సాగాలంటే సెకనుకు 2 అడుగుల వేగం, అంటే నిమిషానికి 80 లీటర్లు చాలు. మాకు అర హార్స్‌పవరే ఎక్కువ! పూర్తి హార్స్‌పవరు పంపు పెడితే ఆ నీరు ట్యాంకులోకి దూకినట్లు పడి, దిగిన మడ్డిని మళ్లీ లేపుతుంది. అందుకే పంపు గొట్టాన్ని నేరుగా ట్యాంకులోకి దించలేదు. పై అంతస్తునుంచి వాలుగా పోయే పెద్ద గొట్టానికి కలిపాం. ఉరవడి అక్కడే తగ్గి, నీరు ట్యాంకులోకి మామూలుగా పారుతుంది. పై అంతస్తు మురుగును పంపు గుంతలోకి రానివ్వలేదు. దానంతట అది పారేదాన్ని కిందికి దించి మళ్లీ ఎత్తడం ఎందుకు? కరెంటు పోయినప్పుడు ఆ టాయిలెట్లే దిక్కు.

ఫ్లోటు, అంటే నీటి మట్టంతోపాటు తేలుతూ పంపును నడిపించే, ఆపే స్విచ్చు. ఆ విషయంలో ఈ పంపుకు పూర్తి మార్కులు. ఫ్లోటు తీగకు విడిగా ప్లగ్గు ఉంది, పంపు ప్లగ్గును దాని వీపున గుచ్చాలి. ఫ్లోటు మొరాయిస్తే పంపు ప్లగ్గును నేరుగా గోడకు పెట్టి గుంత ఖాళీ చేయవచ్చు, కొత్త ఫ్లోటు వేయడానికి పంపును బయటికి తీయనక్కరలేదు. ఈ పంపుల్లో ముందు పోయేది మోటారుకన్నా ఫ్లోటే. మా గుంత వ్యాసం 18 అంగుళాలు. పంపు మొదలయ్యే మట్టానికీ ఆగే మట్టానికీ 8 అంగుళాల తేడా పెట్టించాను, అంటే ఒక్కో విడతకు 33 లీటర్లు, ఎనిమిది సెకన్ల పని. ట్యాంకుకు కుదుపు ఉండదు, మోటారు మరీ తరచుగానూ మొదలవదు.

నచ్చనివీ ఉన్నాయి. తీగ పొట్టి. పంపు బరువు సుమారు 20 కిలోలు, పట్టుకోవడానికి ఉన్న పిడి చిన్నది. దానికి ముందే స్టీలు గొలుసు కట్టించండి. తీగ పట్టుకుని లాగితే లోపలి సీలు ఊడి మోటారులోకి నీరు చేరుతుంది. పంపు ఆగగానే గోడలో ‘దబ్’మని చప్పుడు వచ్చేది, అది పంపు తప్పు కాదు, ఎక్కిన నీరు వెనక్కి జారకుండా ఆపే చెక్ వాల్వు రెక్క మూసుకునే చప్పుడు. స్ప్రింగు ఉన్న వాల్వు వేయించాక కింది గదిలో పడుకునే మా అత్తగారు ఉలిక్కిపడడం మానేశారు.

బిగింపులో ఒక చిన్న రంధ్రం మీద పట్టుబట్టండి. పంపుకూ చెక్ వాల్వుకూ మధ్య, మూత కిందనే, గొట్టానికి 3/16 అంగుళం బెజ్జం పెట్టాలి. అది లేకపోతే లోపల గాలి బిగిసి పంపు తిరుగుతుంది కానీ నీరు ఎక్కదు. మూతకు రబ్బరు గ్యాస్కెట్, ఇంటి కప్పు దాకా గాలి గొట్టం తప్పనిసరి. మురుగు గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, అది కంపుతో ఆగే వాయువు కాదు.

తడి తుడుపు కాగితాల ప్యాకెట్ మీద ‘ఫ్లష్ చేయవచ్చు’ అని ఉంటే నమ్మవద్దు. కింది బాత్రూముల్లో మూత ఉన్న చెత్తబుట్టలు పెట్టాను. బేస్‌మెంటు గోడల ఊటనీటిని కూడా ఈ గుంతలోకి మళ్లిద్దామని మా మరిది సలహా. ససేమిరా అన్నాను. ఆ నీరంతా సెప్టిక్ ట్యాంకులో పడితే తేరుకునే వ్యవధి ఎక్కడ? ఊటకు వేరే గుంత, వేరే పంపు.

గుంత నిండితే మోగే అలారం విడిగా కొన్నాం, పంపుతో సంబంధం లేని మరో సర్క్యూట్‌కు కలిపాం. పంపు ఫ్యూజు పోయినా అది మోగాలి కదా.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ట్యాంకు ఇంటికి చాలా దూరంలోనో గట్టు మీదనో ఉండి, ఎత్తూ రాపిడీ కలిపి మీ లెక్క 18 అడుగులు దాటితే ఈ అర హార్స్‌పవరు పంపు మీకు పనికిరాదు. గొట్టంలో మురుగు పేరుకోకుండా సాగేంత వేగం రాదు. అలాంటి చోట ఎక్కువ హెడ్ ఉన్న, అంటే ఇంకా ఎత్తుకు ఎక్కించగల ఎజెక్టర్ అడగండి, గ్రైండర్ కాదు.