ఫిలిప్పీన్స్‌లో బీఎస్ సైకాలజీ: నాకు మిగిలింది ఆ ఒక్క పేపరు

ఫిలిప్పీన్స్‌లో సైకాలజీ డిగ్రీ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి అది ఎండీకి, అంటే అక్కడి వైద్య డిగ్రీకి, ముందు దాటాల్సిన గడప మాత్రమే. బయాలజీ తీసుకోవాలా, సైకాలజీ తీసుకోవాలా, అక్కడి వైద్య ప్రవేశ పరీక్ష ఎన్‌మ్యాట్‌కు ఏది పనికొస్తుంది, ఇవే ప్రశ్నలు. ఎన్‌మ్యాట్‌లో సాంఘిక శాస్త్రాల భాగంలో సైకాలజీ ఉంటుంది కాబట్టి ఆ మేరకు పనికొస్తుందని చెబుతాను. ఫీజులు, వీసా, అన్నం దొరుకుతుందా వంటివి ఇప్పటికే అందరికీ తెలుసు. నేను 2015 నుంచి 2019 వరకు మిందనావో దీవిలోని దవావో నగరంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీఎస్ సైకాలజీ చదివాను. వైద్యం వైపు వెళ్లకుండా సైకాలజీలోనే ఉండిపోయాను. దానికి కారణం ఒక్క పేపరు, దాని పేరు సికొలొహియాంగ్ పిలిపినో, అంటే ఫిలిపినో మనస్తత్వ శాస్త్రం.

మిగతా పేపర్లు ఎక్కడ చదివినా అవే. ఫ్రాయిడ్, స్కిన్నర్, పియాజే, మానసిక రుగ్మతలను వర్గీకరించే డీఎస్ఎం-5 గ్రంథం. పుస్తకాలు అమెరికావి, ఉదాహరణలూ అక్కడివే. ఈ పేపరు మాత్రం ఫిలిప్పీన్స్ మట్టిలోంచి పుట్టింది. ఫిలిపినో మనస్తత్వ శాస్త్రవేత్త వర్జిలియో ఎన్రికెజ్ అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి 1971లో స్వదేశానికి తిరిగొచ్చారు. అక్కడ నేర్చుకున్న కొలతలు ఫిలిపినోలకు సరిపోతాయా అని ఆయన అడగడం మొదలుపెట్టారు. 1975లో ఆ ఆలోచన జాతీయ సదస్సుగా, ఒక సంఘంగా రూపు కట్టింది. అంతకుముందు పరిశోధకులు ఫిలిపినోలను సిగ్గు, రుణభావం, నలుగురితో సర్దుకుపోవడం అనే మూడు ముక్కల్లో తేల్చేసేవారు. ఎన్రికెజ్ అవన్నీ పైకి కనిపించే కొమ్మలే అన్నారు. ఎదుటి మనిషీ నేనూ వేరు కాదన్న భావన, అక్కడివాళ్లు ‘కప్వా’ అనేది, వాటన్నిటికీ తల్లివేరు అన్నారు.

ఆయన మనుషుల మధ్య సంబంధాన్ని ఎనిమిది మెట్లుగా విడదీశారు. మొదటి మెట్టు పైపై మర్యాద, చివరిది ఇద్దరూ ఒకటైపోవడం. మొదటి ఐదూ పరాయివాళ్లతో, చివరి మూడూ అయినవాళ్లతో. పరిశోధన చేసే మనిషి కనీసం ఆరో మెట్టు ఎక్కకపోతే, అంటే అవతలివాళ్లు మనసు విప్పే చనువు ఏర్పడకపోతే, వచ్చిన సమాధానాలకు విలువ తక్కువ. తరగతిలో విన్నప్పుడు ఇది మంచి మాటలాగే అనిపించింది. దాని పదును బరంగాయ్‌లో తెలిసింది.

బరంగాయ్ అంటే మన వార్డులాంటిది. విదేశాల్లో పనిచేసే తల్లుల పిల్లలు ఇంటిదగ్గర ఎలా పెరుగుతున్నారన్నది మా బృందం ఎంచుకున్న విషయం. 2018 ఫిబ్రవరిలో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కువైట్‌కు కార్మికులను పంపడం ఆపేసి, మే నెలలో మళ్లీ అనుమతించింది. మేం వెళ్లింది ఆ తర్వాత కొన్ని నెలలకు. బరంగాయ్ కెప్టెన్ దగ్గర అనుమతి తీసుకుని, అక్కడివాళ్ల భాష బిసాయలోకి మార్చిన ప్రశ్నపత్రాలు పంచాం. ఒకటి నుంచి ఐదు వరకు అంకెలు, నచ్చినదాని మీద టిక్కు పెట్టాలి. అందరూ నవ్వుతూ తీసుకున్నారు, నవ్వుతూ తిరిగిచ్చారు. అన్నిటా నాలుగులు, ఐదులు. ‘తల్లి దూరంగా ఉన్నా ఫోను ద్వారా బిడ్డకు దగ్గరగానే ఉంది’ అన్న వాక్యం పక్కన ఒకరిద్దరు తప్ప అందరూ ఐదే పెట్టారు. ఆ కాగితాలు చూస్తే ఆ వీధిలో ఎవరికీ ఏ దిగులూ లేదు.

మా అధ్యాపకురాలు వాటిని తిరగేసి, ఈసారి కాగితాలు లేకుండా వెళ్లమన్నారు. మధ్యాహ్నం మూడు దాటాక, అక్కడ మెరియెండా అనే చిరుతిండి వేళకు వెళ్లి, సారి-సారి దుకాణం ముందున్న బల్ల మీద కూర్చోమన్నారు. ఇంటి ముందుగదికి ఇనుప కమ్మీలు బిగించి నడిపే చిల్లర కొట్టు అది. ఈ పద్ధతికి పగ్తతనొంగ్-తనొంగ్, అంటే మాటల్లో మాటగా అడగడం, అని పేరు. దీన్ని శాస్త్రీయంగా వివరించి రాసినవారు పరిశోధకురాలు రొహేలియా పె-పువా. మనం అడిగినట్టే వాళ్లూ మనల్ని అడగవచ్చు, అడిగితే మనం నిజం చెప్పాలి. ఇద్దరిదీ ఒకే స్థాయి. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం ఇదే.

కొట్టు నడిపే పెద్దావిడ వంటనూనెను పొడవాటి సన్నని ప్లాస్టిక్ సంచుల్లో గరాటుతో పోసి, మూతి మెలితిప్పి ముడి వేస్తోంది. సీసా మొత్తం కొనలేనివాళ్లు ఆ పూటకు సరిపడా కొనుక్కునే పొట్లాలు అవి. నన్ను ‘ఇందాయ్’, అంటే అమ్మాయీ, అని పిలిచి అరటిపండు వేపుడు ప్లేటు ముందుకు తోసింది. ప్రశ్నలన్నీ ఆవిడవే. ఏ దేశం, నాన్న ఏం చేస్తాడు, చదువుకు డబ్బు ఎవరు కడుతున్నారు, అమ్మ ఏడవలేదా, పెళ్లెప్పుడు. నాతో వచ్చిన దవావో స్నేహితురాలు అటూ ఇటూ చెబుతూ ఉంది. మాది కోనసీమ అని, చదువు కోసం పొలం తాకట్టు పెట్టారని చెప్పాను. మా పిన్ని ఏళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోందని, పండక్కి ఆవిడ పంపే డబ్బుల్లోంచే నా విమాన టిక్కెట్టుకు కొంత వచ్చిందని కూడా చెప్పాను.

ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి. అప్పటినుంచి ఆవిడ అడిగిన ప్రశ్నలు వేరు. మీ పిన్నికి శుక్రవారం సెలవు ఇస్తారా? ఫోను దగ్గర ఉంచుకోనిస్తారా? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? నాకు తెలిసినంత చెప్పాను. కాసేపటికి తన కూతురూ కువైట్‌లోనే ఉందని చెప్పింది. మనవడు అమ్మమ్మనే అమ్మా అంటాడట. కూతురు ఫోను చేస్తే వాడు వంటింటి వెనక్కి పారిపోతాడట. వాడు నిద్రపోయాడని తను ప్రతిసారీ కూతురికి చెబుతుందట. పగటిపూట చేసినా అదే మాట. కూతురు నమ్ముతుందో లేదో తెలియదు గానీ ఇంకోమాట అడగదట.

ప్రశ్నపత్రంలో ఆ వాక్యం దగ్గర ఐదు మీద టిక్కు పెట్టినవాళ్లలో ఆవిడా ఒకరు. ఆ సంగతి ఆవిడే చెప్పింది. ఊరు పేరు లేకపోయినా ఆ కాగితం ఎక్కడికో వెళ్తుందని, తన కూతురి ఇంటి గురించి అక్కడ అలాంటి మాట ఉండకూడదని పెట్టానంది.

ఆ తర్వాత ఏ పుస్తకంలో ఏ సర్వే అంకె చూసినా నాకు ఆ టిక్కు గుర్తొస్తుంది. ఈ డిగ్రీ నాకిచ్చిన అసలు చదువు అదే. అది నేర్పిన విభాగానికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

అయితే ఆవిడ చివర్లో ఇది రాయవద్దని కోరింది. మేం రాయలేదు. మనిషి క్షేమం సమాచారం కన్నా ముందు అన్నది ఈ విద్యలోని మూల సూత్రాల్లో ఒకటి. ఇక్కడ కూడా ఆవిడను గుర్తుపట్టే వివరాలు తీసేసి, కొన్ని మార్చి రాశాను. పద్ధతి ఎంత బాగా ఫలిస్తే నివేదికలో పెట్టగలిగేది అంత తగ్గుతుందన్న సంగతి మాకు పాఠంలో ఎవరూ చెప్పలేదు. చివరి ఏడాది సిద్ధాంత వ్యాసం సమర్పించినప్పుడు పరీక్షక బృందం ఆ సంభాషణలను పద్ధతిగా ఒప్పుకోలేదు. ఎంతమందిని అడిగారు, పట్టికలు ఏవి, గణాంక పరీక్ష ఏది అన్నారు. మళ్లీ ఆ నాలుగులు, ఐదుల కాగితాలే లెక్కగట్టి ఉత్తీర్ణులమయ్యాం. ఒక విద్యను ఇష్టంగా నేర్పి, మార్కులు వేసే చోట దానికి కుర్చీ వేయకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. అప్పట్లో దేశం మొత్తం మీద ఉన్న పద్ధతీ అంతే. అక్కడి సైకాలజీ చట్టం ప్రకారం డిగ్రీ అయ్యాక సైకోమెట్రిషియన్, అంటే మానసిక పరీక్షలు నిర్వహించే ఉద్యోగి, లైసెన్సు పరీక్ష రాస్తారు. నేను చదివిన రోజుల్లో అందులో నాలుగే సబ్జెక్టులు ఉండేవి: మానసిక పరీక్షలు, వ్యక్తిత్వ సిద్ధాంతాలు, మానసిక రుగ్మతలు, పారిశ్రామిక మనస్తత్వ శాస్త్రం. సికొలొహియాంగ్ పిలిపినోకు విడిగా చోటు ఉండేది కాదు. అందుకే చాలామంది విద్యార్థులు దాన్ని గట్టెక్కితే చాలనుకునేవారు.

ఆ పద్ధతికి నేనిచ్చిన మార్కుల్లోనూ కొన్ని తగ్గించాలి. ఆ పెద్దావిడ మనసు విప్పింది పద్ధతి వల్ల ఎంతో, మా పిన్ని కువైట్‌లో ఉండటం వల్ల కూడా అంతే. గేటు, కాపలాదారు ఉండే కాలనీకి వెళ్లిన ఇంకో బృందానికి మొదటి మెట్టు మర్యాద దాటి ఏమీ దక్కలేదు. జనం భాషలోనే పరిశోధన సాగాలన్నది మరో సూత్రం. నేను స్నేహితురాలి నోటి మీద ఆధారపడ్డాను కాబట్టి ఆ సంభాషణలో సగం ఆమెదే. పేరులో దేశమంతా ఉన్నా పాఠంలోని పదాలు, ఉదాహరణలు ఎక్కువగా మనీలా వైపు భాష తగలాగ్‌వి. దవావో వీధుల్లో వినిపించేది బిసాయ. మిందనావోలోనే ఉన్న లుమాద్ తెగల గురించి, మోరో ముస్లింల గురించి మా తరగతి రెండు గంటలు కూడా నిలవలేదు.

మన దేశానికి తిరిగొచ్చి ఎంఏ చేశాక ఇప్పుడు గోదావరి జిల్లాల్లో ఇంటర్ విద్యార్థులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. గల్ఫ్‌లో తల్లి ఉన్న పిల్లలు మా దగ్గరికీ వస్తారు. ఫారం నింపించే ముందు, పిల్లవాడిని తీసుకొచ్చిన అమ్మమ్మనో పెద్దమ్మనో నన్ను అడగాల్సినవి అడగనిస్తాను. మీదే ఊరమ్మా అన్న ప్రశ్నతో మొదలవుతుంది, తాపీగా జవాబు చెబుతాను. కౌన్సెలర్ తన సంగతులు ఎంతవరకు చెప్పవచ్చో ఎంఏలో నేర్పిన హద్దులు ఉన్నాయి, వాటిని దాటను. ఆ హద్దుల్లోనే ఈ పద్ధతి నాకు బాగా పనిచేస్తోంది. నగరంలో, అరగంటకు ఒకరిని చూడాల్సిన ఆసుపత్రిలో ఉంటే ఇంత తీరిక దొరికేది కాదు.

కాబట్టి నా మాటను నా పరిస్థితులతో కలిపి చూసుకోండి. వైద్యం కోసం వెళ్లేవాళ్లు మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధన చదవాలి. వైద్య విద్య కనీసం 54 నెలలు ఉండాలని అది అంటుంది. అక్కడి ఎండీ నాలుగేళ్లు, ముందు చదివే బీఎస్ వేరే డిగ్రీ. ప్రస్తుతం ఏది చెల్లుతుందో కమిషన్ ప్రకటనల్లోనే చూసుకోవాలి, ఏజెంటు మాట మీద డబ్బు కట్టకూడదు. సైకాలజీ కోసమే వెళ్లేవాళ్లు కూడా, మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కావాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన పైచదువు తప్పదని తెలుసుకుని వెళ్లాలి. డిగ్రీ ఒక్కటే సరిపోదు.

మా అక్క కూతురు ఈ ఏడాది ఇంటర్ పూర్తి చేసింది, ఇదే డిగ్రీకి వెళ్తానంటోంది. ఇంటిమీద అప్పు చేసి అయితే వద్దన్నాను. డబ్బుకు ఇబ్బంది లేకపోతే వెళ్లమని, ముందు ఆ పేపరుకు బరంగాయ్‌లో క్షేత్రపని ఉందో లేదో విశ్వవిద్యాలయాన్ని అడగమని, దవావో అయితే మొదటి ఏడాదే బిసాయ మొదలుపెట్టమని చెప్పాను.