38,000 రూపాయల లైనక్స్ డెస్క్‌టాప్: మూడేళ్ల వాడకం తరువాత

2022 నవంబరులో విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ మీద మూడేళ్లు దాటి పని చేస్తున్నాను. మాది ఖమ్మం. పుస్తకాల ప్రూఫులు దిద్దడం, పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాము) ద్వారా యూనికోడ్ పాఠంగా మార్చడం నా పని కాబట్టి ఈ యంత్రం ఆదివారాలతో సహా రోజుకు ఏడెనిమిది గంటలు నడుస్తుంది. మొదటి రోజు నుంచి దీనిలో ఉన్నది విండోస్‌కు బదులు వాడే లైనక్స్ మింట్ ఒక్కటే. కొన్న వారానికే రాసే సమీక్షలో వేగం గురించి తప్ప ఇంకేమీ తెలియదు. ఏ భాగం ఖమ్మం ఎండను తట్టుకుంది, ఏది లైనక్స్ మూల భాగమైన కెర్నెల్ మారినప్పుడల్లా మొరాయించింది, ఏ ఖర్చు దండగైంది అన్నవి ఇంతకాలం వాడాకే తేలాయి.

ప్రాసెసరు ఏఎండీ రైజెన్ 5 5600జీ, 14,500 రూపాయలు. బీ550 చిప్‌సెట్, నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్న మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు 9,200. ఎనిమిది జీబీల డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్కులు రెండు కలిపి 4,600. 500 జీబీల ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 3,900. 450 వాట్ల, 80 ప్లస్ బ్రాంజ్ (విద్యుత్ సామర్థ్యపు ముద్ర) పవర్ సప్లై 3,300. క్యాబినెట్ 2,500. జీఎస్టీతో కలిపి మొత్తం 38,000 అయింది. మానిటరు, కీబోర్డు, మౌసు నా పాతవే. అన్నీ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అనే చోట, ఒకే రోజు తిరిగి కొన్నాను.

అక్కడ ఏ దుకాణంలోకి వెళ్లినా మొదట అడిగింది "గ్రాఫిక్స్ కార్డు ఏది వేయమంటారు సార్?" అనే. ఆటలు ఆడని, వీడియో ఎడిటింగ్ చేయని వారికి లైనక్స్ యంత్రంలో ఆ ఖర్చు అక్కరలేదన్నది నా గట్టి అభిప్రాయం. 5600జీలో వేగా గ్రాఫిక్స్ ప్రాసెసరులోనే కలిసి ఉంది. దాని డ్రైవరైన ఏఎండీజీపీయూ కెర్నెల్‌లోనే ఉంటుంది, దానికి తోడు కావలసిన, తెర మీద బొమ్మ గీసే మీసా లైబ్రరీలు డిస్ట్రోతోనే, అంటే మింట్‌తోనే వస్తాయి. ఈ మూడేళ్లలో గ్రాఫిక్స్ కోసం నేను విడిగా డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఒక్కటి కూడా లేదు, 2024లో మింట్ 21 నుంచి 22కు మారినప్పుడు కూడా తెర మామూలుగానే వెలిగింది. కెర్నెల్‌కు బయటి డ్రైవరు కావలసిన కార్డయితే కెర్నెల్ మారిన ప్రతిసారీ ఆ డ్రైవరు మళ్లీ తయారు కావాలి, సంతకం లేని సాఫ్ట్‌వేరును అడ్డుకునే సెక్యూర్ బూట్ పెట్టుకున్నవారు దానికి డిజిటల్ సంతకం కూడా చూసుకోవాలి.

ఇక్కడ పేరు చివరి అక్షరాన్ని జాగ్రత్తగా చదవాలి. 'జీ' లేని రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ ఉండదు. ఇంటెల్ కోర్ ఐ3 12100లో ఉంటుంది, అదే 12100ఎఫ్‌లో ఉండదు. ధర కొంత తగ్గుతుందని ఎఫ్ ఉన్నది తీసుకుంటే తెర వెలగడానికే ఇంకో కార్డు కొనవలసి వస్తుంది. 5600జీకి ఉన్న లోటు ఒకటి చెప్పాలి. హెచ్.264, హెచ్‌ఈవీసీ, వీపీ9 రకాల వీడియోలను దాని గ్రాఫిక్స్ భాగమే విప్పుతుంది (డీకోడ్ చేస్తుంది) గాని ఏవీ1 అనే కొత్త రకం వీడియోలను విప్పలేదు. ఆ భారం ప్రాసెసరు కోర్ల మీద పడుతుంది. 1080 రెజల్యూషన్ వరకు నాకు ఇబ్బంది కనిపించలేదు. వీడియోలు ఎక్కువగా చూసేవారికైతే ఏవీ1ను హార్డ్‌వేరులోనే విప్పగల ఐ3 12100 మెరుగు.

ర్యామ్ విషయంలో పదహారు జీబీల స్టిక్ ఒకటి తీసుకుంటే తరువాత పెంచుకోవడం తేలికని దుకాణదారు చెప్పారు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రానికి ఆ మాట కొంత చెల్లుతుంది. ఇక్కడ గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ను వాడుకుంటుంది కాబట్టి ర్యామ్‌కు వెళ్లే ఛానెళ్లు (దారులు) రెండూ నిండి ఉండాలి: ఒక స్టిక్‌తో సెకనుకు 25.6 జీబీల వరకు మాత్రమే వెళ్లే దారి రెండు స్టిక్కులతో 51.2 జీబీలు అవుతుంది. ఎస్ఎస్‌డీకి వస్తే, బోర్డు డబ్బా మీద పీసీఐఈ (కార్డులను, ఎస్ఎస్‌డీలను బోర్డుకు కలిపే దారి) 4.0 అని పెద్దక్షరాలతో ఉన్నా 5600జీ ప్రాసెసరు 3.0 వేగానికే పరిమితం. కనుక నాలుగో తరం ఎస్ఎస్‌డీకి అదనంగా ఇచ్చే డబ్బుకు ఫలితం ఉండదు.

మొదటి ఇబ్బంది సీటీసీలోనే ఎదురైంది. అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగింది, లైట్లు వెలిగాయి, తెర మీద మాత్రం ఏమీ రాలేదు. ర్యామ్ తీసి పెట్టారు, కేబులు మార్చారు, ముప్పావు గంట గడిచింది. బీ550 బోర్డులు 2020 మధ్యలో వచ్చాయి, 5600జీ విడిగా అమ్మకానికి వచ్చింది 2021 ఆగస్టులో. నాకిచ్చిన బోర్డు అంతకు ముందు తయారైన పాత స్టాకు కావడంతో దాని బయోస్‌కు (స్విచ్ వేయగానే నడిచే బోర్డు సాఫ్ట్‌వేరుకు) ఈ ప్రాసెసరు తెలియదు. అదృష్టం కొద్దీ బోర్డు వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంది. కొత్త బయోస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పోర్టులో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే చిన్న ఎర్ర లైటు ఆరేడు నిమిషాలు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. ఆ తరువాత తెర వెలిగింది. ప్రాసెసరు తరువాతి కాలానిదీ బోర్డు ముందు కాలానిదీ అయినప్పుడు ఈ బటన్ ఉన్న బోర్డునే అడిగి తీసుకోవడం మంచిది. బయోస్‌ను ఇలా పెన్‌డ్రైవ్‌తోనే మార్చుకోవచ్చు, దానికి విండోస్ అక్కరలేదు.

నా సమయాన్ని అన్నింటికంటే ఎక్కువగా తిన్నది ఈ 38,000లో లేని వస్తువు, అదే రోజు చివరలో ఏడు వందలకు కొన్న యూఎస్‌బీ వైఫై స్టిక్. రౌటరు కింది గదిలో, నా బల్ల మేడ మీద ఉండటంతో అది తప్పలేదు. డబ్బా మీద లైనక్స్ అని రాసి ఉంది. ఇంటికొచ్చి పెడితే నెట్‌వర్క్ జాబితా ఖాళీ. ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండుతో లోపలి చిప్ సంఖ్య చూస్తే దాని డ్రైవరు నా 5.15 కెర్నెల్‌లో లేదని తెలిసింది. ఎవరో నిర్వహిస్తున్న సోర్సు తెచ్చి, కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవరును మళ్లీ తయారుచేసే డీకేఎంఎస్‌తో కంపైల్ చేసుకుంటే పని చేసింది. రెండు నెలల తరువాత ఒక ఉదయం కెర్నెల్ అప్‌డేట్ అయి, ఆ డ్రైవరు కొత్త కెర్నెల్‌కు తయారు కాక నెట్ పోయింది. సరిచేయడానికి ఫైళ్లు కావాలి, ఫైళ్లకు నెట్ కావాలి. ఫోను కేబులు పెట్టి యూఎస్‌బీ టెథరింగ్‌తో తెచ్చుకున్నాను. మూడోసారి అదే జరిగిన రోజు ఒక ప్రచురణకర్తకు ప్రూఫులు పంపవలసిన గడువు తప్పింది, ఆ సాయంత్రమే స్టిక్‌ను తీసి పక్కన పెట్టేశాను. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్‌లో ఆ చిప్‌కు డ్రైవరు చేరిందని తరువాత చూశాను, అప్పటికే నా ఓపిక అయిపోయింది.

దాని స్థానంలో ఇంటెల్ ఏఎక్స్200 చిప్ ఉన్న పీసీఐఈ కార్డు వేశాను. దీని డ్రైవరు 5.1 నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. బిగించి స్విచ్ వేయగానే నెట్‌వర్క్‌ల పేర్లు వచ్చాయి, ఈనాటి వరకు దాని జోలికి వెళ్లవలసిన అవసరం రాలేదు. ఒక్క సంగతి మాత్రం డబ్బాలో ఎక్కడా రాయలేదు: ఇలాంటి కార్డులో వైఫై పీసీఐఈ మీద నడిచినా బ్లూటూత్ యూఎస్‌బీ మీద నడుస్తుంది. కార్డుతో వచ్చే సన్నని తీగను మదర్‌బోర్డు మీది తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ హెడరుకు పెట్టకపోతే బ్లూటూత్ అసలు కనిపించదు. వైఫై స్టిక్కుల్లో ఒకే మోడల్ పేరుతో, వెర్షన్ సంఖ్య మారగానే లోపలి చిప్ కూడా మారిపోవడం మామూలే కనుక డబ్బా మీది పేరు కన్నా చిప్ పేరు అడగడం ముఖ్యం.

రెండో చికాకు నిద్ర. సస్పెండ్ నొక్కితే యంత్రం ఒక్క క్షణం ఆగి వెంటనే మళ్లీ లేచేది. కీబోర్డు వల్లనేమో, మౌసు వల్లనేమో అని వాటిని పీకి చూశాను. చివరకు, నిద్ర నుంచి లేపే అధికారం ఏయే భాగాలకు ఉందో కెర్నెల్ చూపే పట్టికలో జీపీపీ0 అనే పీసీఐఈ వంతెన దగ్గర తప్పు దొరికింది. దాన్ని డిసేబుల్ చేసే ఒక్క వరుసను, యంత్రం మొదలైనప్పుడల్లా దానంతటదే నడిచే సిస్టమ్‌డీ సర్వీసుగా పెట్టాక బల్ల మీంచి లేచి భోజనానికి వెళ్లి వచ్చేవరకు యంత్రం నిశ్శబ్దంగా పడుకుంటోంది. లైనక్స్‌లో పనితీరు గురించి అడిగేవారు ఈ సస్పెండ్ గురించి అడగరు, కాని రోజూ ఎదురయ్యేది ఇదే.

వేసవి మాకు నిజమైన పరీక్ష. మే నెలలో బయట 44 డిగ్రీలు ఉన్న రోజుల్లో, ఏసీ లేని గదిలో, ప్రాసెసరుతో వచ్చిన కూలరుతోనే నెట్టుకొస్తున్నాను. ఓసీఆర్ నడుస్తున్నప్పుడు సెన్సార్స్ కమాండులో 82 నుంచి 85 డిగ్రీల వరకు చూశాను. ఈ ప్రాసెసరుకు కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి 95. 2024 వేసవిలో అది 91 దాకా వెళ్లినప్పుడు మూత తీసి చూస్తే కూలరు రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. బ్లోయరుతో ఊది, థర్మల్ పేస్టు కొత్తది వేశాక మళ్లీ 83కు దిగింది. మా వైపు ఉండేవారు ఏడాదికి రెండుసార్లు ఈ పని చేయకుండా కూలరు సరిపోవడం లేదనుకోవద్దు. క్యాబినెట్ కొనేటప్పుడు ముందు గాజు పలక ఉన్నవాటిని వదిలి, జాలి ఉన్నది ఎంచుకోవడం వల్ల నాకు మేలే జరిగింది.

పవర్ సప్లైలో మాత్రం ఎక్కడా పొదుపు చేయకూడదు. క్యాబినెట్‌తో పాటే వచ్చే చవక పవర్ సప్లై నాకు ఇస్తామన్నారు, వద్దన్నాను. ప్లగ్గుకు మీటరు పెట్టి చూస్తే నా యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు 28 వాట్లు, అన్ని కోర్లూ పని చేస్తున్నప్పుడు 105 వాట్ల దగ్గర వాడుతుంది, అంటే 450 వాట్లు కావలసినదానికంటే చాలా ఎక్కువ. అవసరమైనది వాట్ల సంఖ్య కాదు, కరెంటు పోయి వచ్చే ఆ కనురెప్పపాటు వ్యవధిలో వోల్టేజీని నిలబెట్టే నాణ్యత. మా ఇంటి ఇన్వర్టరు మీద యూపీఎస్ మోడ్ స్విచ్ వేయని రోజుల్లో యంత్రం రెండుసార్లు రీస్టార్ట్ అయింది. స్విచ్ మార్చాక ఆ సమస్య మళ్లీ రాలేదు.

అసలు పని గురించి చెప్పాలి. 240 పుటల పుస్తకాన్ని టెసరాక్ట్ అనే ప్రోగ్రాముతో తెలుగు ఓసీఆర్ చేయడానికి నా పాత రెండు కోర్ల యంత్రానికి అరగంట దాటేది. ఇప్పుడు నాలుగైదు నిమిషాల్లో అవుతోంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్నాయి కదా అని ఊరికే వదిలితే ఈ వేగం రాదు. ఒక్కో టెసరాక్ట్‌ను ఒకే థ్రెడ్డుకు కట్టిపెట్టి, పుటలను ప్యారలల్ అనే ప్రోగ్రాముతో పంచితేనే కోర్లన్నీ నిండుగా పని చేస్తాయి. వచ్చిన పాఠంలో ఒత్తులు, సున్నలు దిద్దుకోవలసిందే, అది యంత్రం తప్పు కాదు. తెలుగు ఫాంట్లలో లోహిత్, నోటో, పోతన, వేమన అన్నీ తెరపై సరిగా కూర్చుంటాయి. నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైపు చేస్తాను, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ అలవాటున్నవారికి ఐబస్ అనే టైపింగ్ సాధనంలో అదీ ఉంది. ఒక్క హెచ్చరిక: మా ఊరి డీటీపీ కేంద్రాల్లో ఇంకా పేజ్‌మేకరు, యూనికోడ్ కాని అను ఫాంట్లే నడుస్తున్నాయి. మీ ఆదాయం వాటి మీదే ఆధారపడి ఉంటే ఈ యంత్రం ఎంత బాగున్నా విండోస్ లేకుండా గడవదు. నాకు యూనికోడ్‌లో పని ఇచ్చే ప్రచురణకర్తలు దొరికారు కాబట్టి గడుస్తోంది.

నిన్న డిస్కుల ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్‌తో ఎస్ఎస్‌డీని చూశాను. రాసిన డేటా యూనిట్లు రెండు కోట్ల అరవై లక్షలు. ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు కాబట్టి మొత్తం 13 టీబీల పైచిలుకు. కంపెనీ హామీ 300 టీబీలు, అరుగుదల 4 శాతం. స్కాన్ ఫైళ్లతో రోజూ కుస్తీ పట్టే నాకే ఇంత తక్కువైతే మామూలు వాడకానికి చవక ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం అక్కరలేదు. బ్యాకప్ మాత్రం వేరే హార్డ్ డిస్క్ మీద ప్రతి శనివారం తీస్తాను.

ఇప్పుడు మళ్లీ కొనవలసి వస్తే ప్రాసెసరు, పవర్ సప్లై, క్యాబినెట్ ఇవే తరగతివి తీసుకుంటాను, వైఫై కార్డును మొదటి రోజే జాబితాలో రాసుకుంటాను. సీటీసీకి వెళ్లేటప్పుడు మింట్ ఉన్న పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని, డబ్బు కట్టకముందే అక్కడి బల్ల మీదే బూట్ చేయించి, శబ్దం, నెట్, సస్పెండ్ మూడూ చూసుకుంటాను. మర్యాదగా అడిగితే కాదనే దుకాణదారు నాకు ఇంతవరకు తగలలేదు. ఒక్క విషయంలో ఆలస్యం చేశానని బాధగా ఉంది. ఖాళీగా ఉన్న రెండు స్లాట్లలో మరో పదహారు జీబీల ర్యామ్ వేద్దామని రెండేళ్లుగా అనుకుంటూ వాయిదా వేశాను, 2025 చివరికి వచ్చేసరికి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. ఆ స్లాట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.