రెండు కేబుళ్లు కలిపినా స్పీడ్ పెరగకపోతే: మూడేళ్ల వాడకం తర్వాత నా అనుభవం

మాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో. నాలుగు సిస్టమ్‌లు, ఫుటేజీ అంతా ఒక లినక్స్ సర్వర్‌లో ఉంటుంది. ముహూర్తాల సీజన్‌లో నలుగురం ఒకేసారి పనిలో కూర్చుంటే టైమ్‌లైన్ ఆగి ఆగి నడిచేది. అందుకని సర్వర్‌కి రెండు గిగాబిట్ పోర్టుల కార్డు వేయించి, మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగ్‌లు మార్చుకోగలిగేది) కొని, కేబుళ్లను కలిపి ఒకే లింక్‌గా వాడే ఎల్‌ఏసీపీ పద్ధతితో రెండు కేబుళ్లనూ ఒక జట్టు (బాండ్) చేశాను. అమ్మినతను ‘స్పీడ్ డబుల్ అవుతుందండీ’ అన్నాడు. ఆ మాట సగమే నిజం.

ఒక సిస్టమ్ నుంచి పెద్ద ఫైలు కాపీ పెడితే సెకనుకు 112 ఎంబీ వచ్చింది. ఒక్క కేబుల్ ఉన్నప్పుడూ అంతే వచ్చేది. ఇది లోపం కాదు. ప్యాకెట్ల (డేటా ముక్కల) వరస చెదరకుండా ఒక కనెక్షన్ మొత్తాన్ని ఒకే కేబుల్ మీద పంపడం ఈ పద్ధతి నియమం. పైగా ఆ సిస్టమ్‌కి ఉన్నదే ఒక్క గిగాబిట్ పోర్టు. ప్యాకెట్లను వంతులవారీగా పంచే రౌండ్ రాబిన్ మోడ్ కూడా పెట్టి చూశాను. ప్యాకెట్లు ముందువెనుకలై చేరుతున్నాయి, నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 టూల్‌లో రీట్రాన్స్‌మిట్ల (మళ్లీ పంపాల్సి వచ్చిన ప్యాకెట్ల) అంకె పెరుగుతూ పోయింది. అదే రోజు తీసేశాను.

నన్ను నిజంగా ఏడిపించింది వేరే. ముగ్గురం ఒకేసారి లాగినా మొత్తం కలిపి అదే 112 దాటలేదు. అంటే తలా 37. డిస్కుల మీద అనుమానంతో రెండు రోజులు పోయాయి. డిస్కును ముట్టుకోకుండా నెట్‌వర్క్‌ను మాత్రమే కొలిచే ఐపెర్ఫ్3ని మొదటే నడిపి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

సర్వర్‌లో బాండ్ స్థితి చూపించే ఫైలు తెరిచాను. ఒక పోర్టు 1000, రెండోది 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). ఏ పోర్టు ఏ జట్టులో ఉందో చెప్పే అగ్రిగేటర్ ఐడీలు కూడా రెండింటికీ వేరు. స్పీడ్ కలవని పోర్టును ఎల్‌ఏసీపీ జట్టులో చేర్చుకోదు. అంటే రెండో కేబుల్ ఊరికే వేలాడుతోంది, స్విచ్ మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు చాలు. క్రింపింగ్‌లో (కేబుల్‌కి కనెక్టర్ బిగించడంలో) ఒక తీగ సరిగా కూర్చోలేదు. కొత్త కనెక్టర్ వేశాక ఐడీలు ఒకటయ్యాయి.

అయినా మొత్తం 112 దాటలేదు! అప్పుడు ఏ డేటా ఏ కేబుల్ మీద వెళ్లాలో లెక్కగట్టే హ్యాష్ పాలసీ చూశాను. డిఫాల్ట్‌గా ఉండే లేయర్ 2, మ్యాక్ అడ్రస్‌లను (నెట్‌వర్క్ కార్డుల గుర్తింపు సంఖ్యలను) బట్టి కేబుల్ ఎంచుకుంటుంది. పోర్టులు రెండే కాబట్టి అడ్రస్‌లోని చివరి బిట్టే తేల్చేస్తుంది. మా మూడు సిస్టమ్‌ల అడ్రస్‌లూ 4, 8, సీలతో (ఈ అంకెల పద్ధతిలో సీ అంటే 12) ముగుస్తున్నాయి. మూడూ సరిసంఖ్యలే, అందుకే మూడూ ఒకే కేబుల్ మీద పడ్డాయి. పాలసీని ఐపీ అడ్రస్‌లు, కనెక్షన్ల పోర్టు నంబర్లు (కేబుల్ గుచ్చే పోర్టులు కావు) చూసే లేయర్ 3+4కి మార్చాను. ఆ సాయంత్రం ముగ్గురికీ కలిపి 220 దాకా వచ్చింది. ఒక్కోసారి ముగ్గురూ ఒకే పక్క పడతారు. అది లెక్కను బట్టి జరిగేది, ఆపలేం.

కొనేవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. సర్వర్‌లో మార్చే పాలసీ సర్వర్ నుంచి బయటికి వెళ్లే డేటాకే పనిచేస్తుంది. లోపలికి వచ్చేదాన్ని పంచేది స్విచ్. నా స్విచ్‌లో మ్యాక్ తప్ప వేరే ఎంపిక లేదు. రాత్రి రెండు సిస్టమ్‌ల నుంచి కెమెరా కార్డులు సర్వర్‌లోకి డంప్ చేస్తే ఇప్పటికీ నెమ్మదే. కొనేముందు స్విచ్ మాన్యువల్‌లో హ్యాష్ ఎంపికలు తప్పకుండా చూడండి.

ఒక్క సిస్టమ్‌కే ఎక్కువ స్పీడ్ కావాలంటే ఈ దారి వద్దు. నిరుడు నా ఎడిటింగ్ సిస్టమ్‌కీ సర్వర్‌కీ మధ్య నేరుగా 2.5 గిగాబిట్ కార్డులు వేశాను. గోడలో ఉన్న పాత క్యాట్ 5ఈ వైరే సరిపోయింది, సెకనుకు 280 ఎంబీ వస్తోంది.

అయినా బాండ్‌ను తీయలేదు. మొన్న మాఘంలో ఊడ్చేటప్పుడు ఒక కేబుల్ ఊడింది. మిగతా ముగ్గురి కాపీలూ ఆగలేదు. స్విచ్ మీద ఒక లైటు ఆరి ఉండటం సాయంత్రం చూశాకే మాకు తెలిసింది.