మూడు రోజుల క్వాలిటీ శిక్షణ: రెండో రోజు కోసమైనా తీసుకోవచ్చు

జడ్చర్ల దగ్గర ట్యాబ్లెట్లు తయారుచేసే ప్లాంటులో ఐపీక్యూఏలో పనిచేస్తున్నాను. మాల్ తయారవుతుండగానే లైను పక్కన నిలబడి నాణ్యత చూసుకునే విభాగం మాది. ఇక్కడే పదకొండేళ్ళు అయింది. ఈమధ్య మా కంపెనీ బయట సంస్థ ఒకదాన్ని పిలిపించి మూడు రోజుల శిక్షణ పెట్టించింది: జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన మంచి పద్ధతులు), తప్పుల మూలకారణం వెతకడం, ప్రాసెస్ మెరుగుపరచడం. మనిషికి 6,500 రూపాయలు, జీఎస్టీ అదనం. మొత్తం ఇరవై నాలుగు మందిమి కూర్చున్నాం, అందులో పద్నాలుగు మంది ఆపరేటర్లే. ఒప్పందం ప్రకారం ఆ సంస్థ పేరు, మా కంపెనీ పేరు రాయకూడదు. కానీ ఇలాంటి శిక్షణ కొనబోయేవాళ్ళకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు అంతా నియమాలు. మందుల తయారీకి ప్రభుత్వం పెట్టిన నియమావళి 'షెడ్యూల్ ఎం', 2023 డిసెంబరు 28న వచ్చిన దాని కొత్త రూపంతో మొదలుపెట్టారు. పాత షెడ్యూల్‌లో ఎక్కువగా గదులు, యంత్రాలు, శుభ్రత గురించి ఉండేది. ఇప్పుడు ఫార్మా క్వాలిటీ సిస్టమ్, రిస్క్ మేనేజ్‌మెంట్, ఏటా ప్రతి మందు నాణ్యతను తిరిగి చూసుకోవడం కూడా తప్పనిసరి అయ్యాయి. అందుకే చిన్న కంపెనీలు కూడా శిక్షణల కోసం పరుగెడుతున్నాయి. తర్వాత 1993 నాటి బార్ ల్యాబొరేటరీస్ కేసు చెప్పారు. టెస్టు ఫెయిలైతే పాసయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చేసి, చివరి రిజల్ట్ చూపించి బ్యాచ్ వదలడం కుదరదని అమెరికా కోర్టు తేల్చిన కేసు అది. ఓఓఎస్, అంటే హద్దు దాటిన టెస్టు రిజల్ట్ మీద విచారణ, ఇప్పుడున్న పద్ధతిలో ఎందుకుందో మా ల్యాబ్ పిల్లలకు అప్పుడు అర్థమైంది. పదకొండేళ్ళుగా ఓఓఎస్ ఫారాలు నింపుతున్న నాకు కూడా ఆ కథ పూర్తిగా తెలియదు.

అయితే స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే. మాట్లాడిందీ ఇంగ్లిష్‌లోనే. ఆపరేటర్లు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళకు విషయం తెలియక కాదు. పొడిని తడిపి గింజలుగా కట్టేటప్పుడు ఎక్కడ ఆపాలో, అదే గ్రాన్యులేషన్ ఎండ్‌పాయింట్, పట్టుకోవడంలో వాళ్ళ చేతికున్నంత జ్ఞానం నాకు లేదు. ఐటీఐ, ఇంటర్ చదివిన మనిషిని కూర్చోబెట్టి ఎనిమిది గంటలు ఇంగ్లిష్‌లో నియమాలు చదివితే ఆ రోజు వృథా. నాకు బాధేసింది, సాయంత్రమే వెళ్ళి చెప్పాను. రెండో రోజు వచ్చిన మేడమ్ ఆ మాట పట్టించుకున్నారు. పొద్దున్నే తెలుగులో మొదలుపెట్టారు, మధ్యమధ్య ఒడిశా పిల్లల కోసం హిందీలో.

నేను ఈ రివ్యూ రాయడానికి కారణం ఆ రెండో రోజే.

పౌడర్‌ను ట్యాబ్లెట్‌గా నొక్కే కంప్రెషన్‌లో మాకు చాలాకాలంగా ఒక బాధ ఉంది. 500 మిల్లీగ్రాముల బరువుండాల్సిన ట్యాబ్లెట్ ఒకటుంది, దాని సగటు బరువు కుదురుగా నిలవదు. మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం ఈ బరువుకు సగటు నుంచి ఒక్కో ట్యాబ్లెట్‌లో సాధారణంగా 5 శాతం దాకా తేడా ఉండొచ్చు. మేము మాత్రం లోపల ఇంకా బిగువైన హద్దు పెట్టుకున్నాం. ఏడాదిలో రెండుసార్లు దాటింది. రెండుసార్లూ డీవియేషన్ రిపోర్టులో మూలకారణం దగ్గర 'ఆపరేటర్ పొరపాటు' అని, కాపా (మళ్ళీ జరగకుండా తీసుకున్న చర్య) దగ్గర 'తిరిగి శిక్షణ ఇచ్చాం' అని రాశాం. ఆ రిపోర్టుల మీద నా సంతకం ఉంది.

మేడమ్ పొద్దున మాతోపాటు గౌను వేసుకుని లోపలికి వచ్చి, యంత్రం పక్కన గంటన్నర నిలబడ్డారు. మధ్యాహ్నం హాల్లో పాత బ్యాచ్ రికార్డుల కాపీలు, గ్రాఫ్ కాగితాలు, రెండు రంగుల పెన్నులు పంచారు. అరగంటకోసారి చూసే సగటు బరువును నల్లపెన్నుతో చుక్క పెట్టమన్నారు. యంత్రం చక్రం తిప్పి బరువు సరిచేశామని రికార్డులో రాసిన ప్రతి చుక్క చుట్టూ ఎర్రగా సున్నా చుట్టమన్నారు. మా కంప్రెషన్ ఆపరేటర్ అన్నతో కలిసి నేను ఒక రాత్రి షిఫ్టు గీశాను. 504, 496, 505, 495, 503. రంపం పళ్ళలాగా పైకీ కిందికీ. దాదాపు ప్రతి చుక్కకూ ఎర్ర సున్నా.

తర్వాత ఇంకో బ్యాచ్ గీశాం. ఆ రోజు ట్యాబ్లెట్ల దుమ్ము దులిపే డీడస్టర్ ఇబ్బంది పెడుతుంటే అన్న అటు చూసుకుంటూ రెండు గంటలు బరువు జోలికి పోలేదు. 501, 499, 500, 498. ఒక్క సున్నా లేదు, గీత కుదురుగా ఉంది.

అన్న ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నేను తిప్పినప్పుడే ఖరాబైతున్నది గదా మేడం" అన్నాడు. మరి ఎందుకు తిప్పుతున్నావని మేడమ్ అడిగితే, "497 కనవడితే క్యూఏ వాళ్ళు అడుగుతరు. అడగకముందే సరిజేస్త" అన్నాడు. అడిగేది నేనే. 497 హద్దులోనే ఉంటుంది, అయినా ప్రతిసారీ 'ఏంటన్నా తగ్గింది' అంటాను. పౌడర్‌లో సహజంగా ఉండే చిన్న ఊగిసలాటను చూసి చక్రం తిప్పితే, ఆ తిప్పడం వల్లే ఊగిసలాట పెరుగుతుంది. మేము తప్పును మనిషి మీద రాశాం, తప్పు మేము నంబరు చదివే పద్ధతిలో ఉంది.

ఆ తర్వాత మేడమ్ గరాటు, గోలీ తెప్పించి నాణ్యత నిపుణుడు డెమింగ్ ప్రయోగం చేసి చూపించారు. గరాటును ఒకేచోట ఉంచి గోలీ వదిలితే గుర్తు చుట్టూ కొంత మేరలోనే పడుతుంది. పడిన ప్రతిసారీ గరాటును అటూ ఇటూ జరిపి సరిచేస్తే ఇంకా దూరదూరంగా పడుతుంది. దాన్ని పట్టుకుని, 1924లో అమెరికా గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ మొదటి కంట్రోల్ చార్టు ఎందుకు గీశాడో చెప్పారు. ఏ తేడాను ముట్టుకోవాలో, దేన్ని వదిలేయాలో తెలుసుకోవడానికి. ఆపరేటర్లు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడటం మొదలుపెట్టారు. బ్లెండింగ్ అతను, కోటింగ్ అతను, అందరికీ ఒక్కో కథ ఉంది. ఏడు గంటల బస్సు పోయినా ఎవరూ లేవలేదు.

ఆ గ్రాఫులను అలాగే టేబుల్ మీద వదిలేసి పోనివ్వలేదు ఆవిడ. నమోదు కాని కాగితం మా ప్లాంటులో ఉండకూడదు. వాటిని విచారణ ఫైలుకు సక్రమంగా జతచేయించారు. అంత శ్రద్ధ ఉన్న ట్రైనర్లు నాకు అరుదుగా కనిపించారు.

మూడో రోజుకు వేరే ఆయన వచ్చారు. కార్ల విడిభాగాల పరిశ్రమ నుంచి వచ్చిన సిక్స్ సిగ్మా (ప్రాసెస్‌లో తేడాలు తగ్గించే పద్ధతి) నిపుణుడు. మనిషి మంచివాడు, మాట చక్కనిది. కానీ "ఈరోజు ఆలోచన వస్తే రేపు లైన్లో పెట్టి చూడండి" అని రెండు మూడుసార్లు అన్నారు. మా దగ్గర అది కుదరదు. ఛేంజ్ కంట్రోల్ (మార్పుకు రాతపూర్వక అనుమతి) వెయ్యాలి, రిస్క్ చూడాలి, వాలిడేషన్ (ప్రాసెస్ సరిగా పనిచేస్తుందని ముందే నిరూపించుకున్నది) మీద ప్రభావం ఉందో లేదో రాయాలి, కొన్ని మార్పులకైతే ముందే రెగ్యులేటర్ అనుమతి తెచ్చుకోవాలి. ఆ తేడా తెలియనివాళ్ళు చెబితే కొత్త పిల్లలు తప్పు నేర్చుకుంటారు. ప్రాసెస్ తన హద్దుల్లో ఎంత బాగా ఇముడుతుందో చెప్పే సీపీకే మొత్తం నలభై నిమిషాల్లో ముగించారు. బోర్డు మీద 1.33 అని రాసి, ఇంతకంటే ఎక్కువుంటే బాగున్నట్టే అన్నారు. ప్రాసెస్ ముందు కుదురుగా ఉంటేనే ఆ నంబరుకు అర్థం ఉంటుందన్న మాట రాలేదు. ముందురోజు అంత కష్టపడి నేర్చుకున్నది సరిగ్గా అదే.

నాకు కోపం వచ్చింది చివరి పరీక్ష దగ్గర. ఇరవై ప్రశ్నలు, ఇంగ్లిష్‌లో. పెట్టే ముందు రివిజన్ అంటూ అవే ప్రశ్నలు జవాబులతో సహా చదివేశారు. అందరికీ తొంభై పైనే వచ్చాయి, సర్టిఫికెట్లు ఇచ్చేశారు. ఆడిటర్ వచ్చి శిక్షణ పనిచేసిందని ఎలా తేల్చుకున్నారని అడిగితే ఆ మార్కుల కాగితం చూపించడానికి నాకు మనసొప్పదు.

నేను చూపించదలచుకున్నది వేరే. శిక్షణ తర్వాత ఛేంజ్ కంట్రోల్ వేశాం. తొమ్మిది వారాలు పట్టింది. ఇప్పుడు పని ఎలా చేయాలో రాసి ఉండే ఎస్ఓపీలో 495 నుంచి 505 మధ్య ఉంటే బరువు ముట్టుకోవద్దని, అది దాటినా లేదా వరుసగా ఏడు రీడింగులు ఒకే వైపు పడినా మాత్రమే సరిచేయాలని ఉంది. కొత్త పద్ధతిలో మూడు బ్యాచ్‌లే నడిచాయి కాబట్టి ఇప్పుడే గట్టిగా చెప్పను. మూడింట్లోనూ గీత కుదురుగా ఉంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. పిలిపించుకునేవాళ్ళు ముందే అడగండి: మూడు రోజులూ ఫార్మాలో పనిచేసినవాళ్ళే వస్తారా, లైను దగ్గరికి వస్తారా, మీ రికార్డుల మీద పని చేయిస్తారా, ఏ భాషలో చెబుతారు. వచ్చే నెల మా ప్యాకింగ్ వాళ్ళ బ్యాచ్ ఉంది. మొదటి రోజు తెలుగు, హిందీల్లో జరగాలని, రాత పరీక్ష బదులు లైను దగ్గరే చేసి చూపించే పరీక్ష పెట్టాలని మెయిల్ రాశాను. మేడమ్‌నే పంపమని కూడా అడిగాను. భాషకు సరే అన్నారు, మిగతా రెండింటికీ జవాబు రావాలి.