కందిపప్పు ప్యాకెట్ స్కాన్ చేస్తేనే ఆగే అలారం: రెండు చలికాలాలు వాడాక

అలారాన్ని కాసేపు వాయిదా వేసే స్నూజ్ బటన్ నొక్కే అలవాటు మానుకోవడానికి నేను వాడుతున్న అలారం యాప్‌లో ఫీచర్లు బోలెడున్నాయి. లెక్కలు చేయమంటుంది, ఫోన్ ఊపమంటుంది, రాత్రి ఎలా నిద్రపోయామో గ్రాఫులు గీసి చూపిస్తుంది. వాటి జోలికి నేను పోవడం లేదు. నాకు పనికొచ్చింది ఒక్కటే: మనం ముందుగా చూపించి పెట్టిన బార్‌కోడ్‌ని మళ్ళీ స్కాన్ చేస్తే తప్ప అలారం ఆగకపోవడం. ఇది లేకపోతే ఆ యాప్‌ని వారం తిరక్కుండానే తీసేసేదాన్ని. ఈ సదుపాయం ఉన్న యాప్‌లు ప్లేస్టోర్‌లో చాలానే ఉన్నాయి. నేను వాడేదాని మీద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

మా ఇంటి సంగతి చెప్తే తప్ప నా అభిప్రాయానికి అర్థం ఉండదు. హైదరాబాద్‌లో మా వీధికి కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ తెల్లవారుజామున అయిదింటికి. ఎవరో ఒకరు లేచి సంపు వాల్వు తిప్పాలి. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాలేజీ బస్సు ఆరుంబావుకల్లా సందు చివరికి వచ్చేస్తుంది. అప్పటికి టిఫినూ, మధ్యాహ్నం క్యారేజీ రెండూ అయిపోవాలి. మావారిది సెకండ్ షిఫ్ట్, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అందుకని నాలుగూ ముప్పావుకి లేవాల్సింది నేనే.

స్నూజ్ బటన్ ఈనాటిది కాదు. 1956లోనే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ టెలిక్రాన్ గడియారం మీద వచ్చింది. ఆ గడియారానికైతే కనీసం చెయ్యి చాచాలి. ఫోన్ దిండు పక్కనే ఉంటుంది కాబట్టి కళ్ళు తెరవకుండానే వేలు దాని పని అది చేసుకుపోతుంది. లెక్కలు చేస్తేనే ఆగే అలారం ఇందుకు మందు అంటారు గానీ, రెండంకెల కూడికలు దుప్పట్లో ఉండి కూడా చేయొచ్చు. ఫోన్ ఊపడమూ అంతే, పడుకునే ఊపొచ్చు. మెదడుకి ఎంత కష్టమైన పని పెట్టినా మనిషి మంచం మీదే ఉన్నంతసేపు నిద్రదే పైచేయి.

బార్‌కోడ్ ఈ చిక్కు విప్పేస్తుంది. మొదట నేను వంటింటి అలమరలోని కందిపప్పు కిలో ప్యాకెట్‌ని ఒకసారి స్కాన్ చేసి యాప్‌లో పెట్టుకున్నాను. తెల్లారి అలారం మోగితే పడకగది దాటి, హాల్లో అత్తయ్య మంచం పక్కనుంచి నడిచి, వంటింట్లోకి వెళ్ళాలి. చీకట్లో కెమెరాకి ఏమీ కనపడదు కాబట్టి లైటు వెయ్యక తప్పదు. ప్యాకెట్ తీశాక కూడా వెంటనే కాదు. వాడుతున్న ప్యాకెట్ కదా, కవరు ముడతలు పడి గీతలు వంకరపోతాయి. పైగా ప్లాస్టిక్ మీద ట్యూబ్‌లైట్ మెరుస్తుంది. బొటనవేలితో ముడత సాపు చేసి, ప్యాకెట్‌ని కాస్త ఏటవాలుగా తిప్పి, ఫోన్ కదలకుండా పట్టుకుంటే అప్పుడు అలారం నోరు మూస్తుంది. కాళ్ళ కింద చల్లటి గచ్చు, ముఖం మీద లైటు, ఎదురుగా పొయ్యి. కాఫీకి గిన్నె పెట్టడమే తరువాయి. నిద్ర లేచాక ఉండే మత్తు మామూలుగా పావుగంట, అరగంట ఉంటుందంటారు, గాఢనిద్రలోంచి లేస్తే ఇంకా ఎక్కువ. నాకు ఆ మత్తు నిలబడి, పని చేస్తూ ఉండగానే దిగిపోతుంది. ఈ తేడా మొదటి వారంలోనే తెలిసింది, ఇప్పటికీ ఈ ఒక్కదానికోసం ఆ యాప్ మీద నాకు ఎంతో అభిమానం.

ఇక పప్పు ప్యాకెట్ మార్పు సంగతి. ఈ ఫీచర్ వాడదలుచుకున్నవాళ్ళు ఇది తప్పకుండా చదవాలి.

ఒక సాయంత్రం పప్పు అడుగంటిందని అత్తయ్య మిగిలింది డబ్బాలో పోసి, ఖాళీ కవరు పారేసి, కిరాణా కొట్టు నుంచి కొత్త ప్యాకెట్ తెప్పించారు. అదే కంపెనీ, అదే బొమ్మ, అదే రంగు. కాకపోతే కొట్లో కిలోవి అయిపోయాయని అరకిలోది ఇచ్చారు. తెల్లారి అలారం మోగింది, వెళ్ళి స్కాన్ చేశాను. ఆగలేదు. ముడత సరిచేశాను, లైటు కిందకి జరిగాను, ప్యాకెట్ తలకిందులు చేశాను. ఊహూ. సౌండు తగ్గిద్దామంటే తగ్గదు, అలారం మోగుతున్నంతసేపు ఆ మీట పనిచేయనివ్వకపోవడమే యాప్ గొప్ప. స్విచాఫ్ చేసే దారి కూడా మూసేస్తుంది. ఒంటిగంటకి పడుకున్న మావారు లేచి వచ్చారు. అమ్మాయి లేచింది. అత్తయ్య మంచం మీదే లేచి కూర్చుని, "ఏమ్మా, ఏ ప్యాకెట్‌లో ఉన్నా పప్పు పప్పే కదా, దానికి తేడా ఏం తెలుస్తుందీ?" అన్నారు.

తేడా అమ్మాయే పట్టుకుంది. "అమ్మా, గీతల కింద నంబర్ చూడు, యాప్‌లో ఉన్నదానితో మొదట్లో కలుస్తోంది గానీ చివర్లో వేరే ఉంది" అంది. నిజమే. ఆ పదమూడు అంకెల నంబర్ సరుకుది మాత్రమే కాదు, ఆ సైజు ప్యాకెట్‌ది. కిలోకి ఒకటి, అరకిలోకి ఇంకొకటి. మొదట ఉండే 890 మన దేశంలోని సంస్థ జారీ చేసిన నంబర్ అని మాత్రమే చెప్తుంది, ఆ తర్వాతి అంకెలు కంపెనీని బట్టి, ప్యాకెట్‌ని బట్టి మారతాయి. కంపెనీ ఒకటే కాబట్టి మొదటి భాగం కలిసింది, సైజు మారింది కాబట్టి తర్వాతది కలవలేదు. చివరికి అమ్మాయి చెత్తబుట్టలోంచి పాత కవరు తీసింది. దాని మీద కాఫీపొడి పిప్పి అంటుకుని ఉంది. నేను తడిగుడ్డతో తుడిచాను, మావారు రెండు చేతులతో కవరు లాగి పట్టుకున్నారు, అమ్మాయి స్కాన్ చేసింది. అప్పుడు ఆగింది. సంపు వాల్వు మాత్రం ఆ రోజు చాలా ఆలస్యంగా తిప్పాం.

అయిపోయే సరుకుని పెట్టుకోకూడదన్నమాట. కిరాణా కొట్లో విడిగా తూచి కట్టించుకునే ఇళ్ళలో అయితే బార్‌కోడే ఉండదు. తర్వాత పాత ఇంగ్లీషు నిఘంటువు ఒకటి ఫ్రిజ్ మీద పెట్టాం. పుస్తకాల అట్ట వెనక 978తో మొదలయ్యే బార్‌కోడ్ ఉంటుంది, అది అయిపోదు, మారదు. కానీ పరీక్షలప్పుడు అమ్మాయి కూడా తన ఫోన్లో ఇదే అలారం పెట్టుకుని, ఆ నిఘంటువుని దిండు పక్కకి తెచ్చుకుంది. చేత్తో మోసుకెళ్ళగలిగిన వస్తువైతే అది మంచం దగ్గరికి చేరుతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఒక క్యూఆర్ కోడ్ ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, వంటింట్లో మోటార్ స్విచ్ పక్కన గోడకి అంటించాం. యాప్ దాన్నీ తీసుకుంటుంది. లామినేషన్ మీద లైటు పడితే పట్టుకోదు, కాస్త ఎడమకి జరగాలి. అంతే, ఇంకే ఇబ్బందీ లేదు.

రెండో దెబ్బ ఫోన్ వైపు నుంచి వచ్చింది. ఒక రాత్రి ఫోన్ దానంతటది అప్‌డేట్ అయ్యింది, తెల్లారి అలారం మోగనే లేదు. నీళ్ళు వచ్చి పోయాయి. ఆ రోజంతా టెన్షనే. చూస్తే బ్యాటరీ పొదుపు సెట్టింగ్ మళ్ళీ మొదటికొచ్చింది, యాప్‌ని రాత్రంతా నిద్రపుచ్చేసింది. ఆండ్రాయిడ్ 12, అంటే 2021 నుంచి, అలారాలకి విడిగా అనుమతి ఉంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో ఆ నియమం ఇంకా బిగిసింది. చాలా ఫోన్లలో దీనికి తోడు కంపెనీ సొంత బ్యాటరీ పొదుపు కూడా ఉంటుంది. కాబట్టి అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ సాయంత్రమే అయిదు నిమిషాల తర్వాతకి ఒక అలారం పెట్టి, స్క్రీన్ ఆపి, మోగుతుందో లేదో చూసుకోవాలి. నీళ్ళు వచ్చే రోజుల్లో నేను మావారి ఫోన్లో కూడా మామూలు అలారం ఒకటి అయిదింటికి పెడుతున్నాను.

ఈ యాప్ పెట్టుకున్న కొత్తలో మా అపార్ట్‌మెంట్‌లో కనపడినవాళ్ళందరికీ స్నూజ్ పీడ వదిలిందని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. ఈ అలారం మనిషిని నిలబెడుతుంది, మెలకువగా ఉంచడం దాని వల్ల కాదు. నీళ్ళు రాని రోజుల్లో స్కాన్ అయ్యాక హాల్లోని దివాన్ మీద వాలితే కునుకు పట్టేస్తుంది. కాసేపాగి "లేచే ఉన్నారా" అని మళ్ళీ అడిగే సదుపాయం యాప్‌లో ఉంది గానీ, దానికి డబ్బు కట్టాలి. చలికాలంలో అయితే మరీ కష్టం. జనవరిలో ఇక్కడ ఆరున్నర దాటితే గానీ సూర్యుడు రాడు, నాలుగూ ముప్పావంటే అది రాత్రి కిందే లెక్క. మే నెలలో ఆరింటికి ముందే వెలుగొస్తుంది, అప్పుడు ఏ అలారమైనా బాగానే పనిచేస్తున్నట్టు కనపడుతుంది. అందుకని ఎవరైనా వేసవిలో మొదలుపెట్టి వెంటనే మెచ్చుకుంటే ఆ మాట డిసెంబర్ దాకా ఆపుకోమంటాను.

నిజంగా మార్పు వచ్చింది నేను పదిన్నరకి పడుకోవడం మొదలుపెట్టాక. అంతకుముందు మావారు వచ్చేదాకా మేలుకుని, వేడి చేసి వడ్డించి పడుకునేదాన్ని. ఇప్పుడు అన్నం, కూర మూతపెట్టి ఉంచుతాను, ఆయన వేడి చేసుకుని తింటారు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకునే ఆ అరగంట పోయింది. ఆదివారం తప్ప మాకు వేరే సమయం లేదు. ఏ యాప్ వివరాల్లోనూ ఈ ఖర్చు రాసి ఉండదు, నాకు మాత్రం ఇది చిన్నదేమీ కాదు.

స్నూజ్ మీద నాకున్న కోపం కూడా కొంత తగ్గింది. స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2023లో ఒక అధ్యయనం వెలువరించారు. స్నూజ్ అలవాటున్న 31 మందిని ల్యాబ్‌లో పరీక్షిస్తే, అరగంట సేపు స్నూజ్ చేసినా వాళ్ళ నిద్ర తగ్గింది సగటున ఆరు నిమిషాలే. లేవగానే పెట్టిన కొన్ని పరీక్షల్లో కొంచెం మెరుగ్గా కూడా చేశారట. ముప్ఫై ఒక్క మందితో అందరికీ వర్తించే నిర్ణయం చేయలేం గానీ, స్నూజ్ నొక్కితే ఆరోగ్యం పాడైపోతుందన్న భయం నాకిప్పుడు లేదు. నాకు స్నూజ్‌తో తగువు కుళాయి వల్లా, కాలేజీ బస్సు వల్లా వచ్చింది. సెలవుల్లో, నీళ్ళు రాని ఆదివారాల్లో మామూలు అలారమే పెట్టుకుని రెండుసార్లు హాయిగా స్నూజ్ నొక్కుతాను.

కొనాలా, పెట్టుకోవాలా అని అడిగేవాళ్ళకి: పడకగదికీ వంటింటికీ మధ్య కనీసం ఒక గోడ ఉండి, లేచాక వెంటనే చేయాల్సిన పని ఒకటి ఉంటే ఈ బార్‌కోడ్ అలారం పెట్టుకోండి. ఒకే గదిలో అందరూ పడుకునే ఇల్లయినా, పసిపిల్లలున్నా వద్దు, స్కాన్ అయ్యేదాకా మోత ఆగదు కాబట్టి మీకన్నా ముందు వాళ్ళు లేస్తారు. మావారిలా ఆలస్యంగా పడుకునే మనిషి ఇంట్లో ఉంటే వాళ్ళని అడిగి పెట్టుకోండి. మావారు ఒప్పుకున్నారు, తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంటున్నారు. డబ్బు కట్టే వెర్షన్ నేను తీసుకోలేదు. అమ్మాయి ఇంటర్ అయిపోయాక మాకు నాలుగూ ముప్పావు అవసరం ఉంటుందో లేదో తెలియదు, కుళాయి వేళలు మారినా మారొచ్చు. ఏడాదికి చందా కట్టేంత నమ్మకం ఇంకా కుదరలేదు.